వయ్యారిభామ, స్టికర్ బొట్టు: ఈ వారం చర్మం ప్రశ్నలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 52 ఏళ్లు. కర్నూలు జిల్లాలో వ్యవసాయం చేస్తాను. మూడేళ్లుగా మొహం, మెడ, మోచేతుల మడతలు ఎర్రబడి విపరీతమైన దురద, ఇప్పుడు చర్మం నల్లగా మందంగా తయారైంది. వానలు పడ్డాక ఎక్కువవుతుంది. ఎండ పడక అని ఒకరు, ఒంట్లో వేడి అని ఇంకొకరు అన్నారు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలు. రక్తపరీక్షలో వంకాయ, చేపలు, వేరుశనగ పడవని వచ్చింది. అన్నీ మానేశాను, అయినా తగ్గలేదు. ఏం చేయమంటారు?

జవాబు: తిన్న గంటా రెండు గంటల్లో దద్దుర్లు రావడం, పెదాలు వాయడం, ఆయాసం లాంటివి ఎప్పుడూ లేకపోతే ఆ వంకాయ కూర హాయిగా తినండి. వందల పదార్థాల పేర్లతో రిపోర్టు ఇచ్చే ఆ రక్తపరీక్ష వెతికేది వేరే రకం అలర్జీని. మీరు రాసిన లక్షణాలు తగిలిన వెంటనే కాకుండా ఒకటి రెండు రోజులకు బయటపడే అలర్జీవి, అది ఆ పరీక్షకు దొరకదు. పాపం ఎంతమంది ఆ కాగితం చూసి ఏళ్ల తరబడి పప్పన్నంతో గడిపేస్తున్నారో.

నాకు మొదట అనుమానం వచ్చేది వయ్యారిభామ మీద, అదే మీరు కాంగ్రెస్ గడ్డి అనే మొక్క. 1950ల మధ్యలో పుణేలో మొదట గుర్తించారు, అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందని చెబుతారు, ఇప్పుడు అది లేని పొలం గట్టు లేదు. దాని ఆకుల మీది సన్నని నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. మొక్క ఎండి పొడైనా అది పోదు, గాలిలో కలిసి వచ్చి చర్మం మీద పడుతుంది, అందుకే మొక్కను ముట్టుకోనివాళ్లకూ వస్తుంది.

ఎండా, ఇదా అని తేల్చడానికి అద్దం ముందు నిలబడి ఒక పని చేయండి. ఎండ వల్లే అయితే పై కనురెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద సాధారణంగా బాగానే ఉంటాయి, ఎందుకంటే అక్కడ నీడ పడుతుంది. గాలికి నీడతో పనేముంది, ఆ చోట్లు కూడా ఎర్రగా దురదగా ఉంటే గాలిలో వచ్చేదాన్నే అనుమానించాలి. అయితే ఏళ్లు గడిచాక కొందరికి ఎండ కూడా పడకుండా పోతుంది, కాబట్టి మీకు ఎండ అని చెప్పినవాళ్లదీ పూర్తిగా తప్పు కాకపోవచ్చు.

ఖాయం చేసుకోవడానికి ప్యాచ్ టెస్ట్ ఉంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల చర్మవ్యాధుల విభాగంలో అడగండి. వీపు మీద చిన్న పట్టీలు అంటించి 48 గంటలకు తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు, అప్పటిదాకా వీపు తడవకూడదు. మంట బాగా రేగినప్పుడు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నప్పుడు చేస్తే ఫలితం తారుమారవుతుంది.

ఇక ఆ ట్యూబు. మూడు నాలుగు మందులు కలిపినదైతే అందులో గట్టి స్టెరాయిడ్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. మొహానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, పైగా లోపల తామర ఉంటే దాని రూపం మారిపోయి మాకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. డాక్టరు మొహానికి తక్కువ బలమున్న క్రీము కొన్నాళ్లు, తర్వాత టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ లేని పూత మందు ఇవ్వవచ్చు. అలా కుదరని మొండి కేసుల్లో ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ మాత్రలు బాగా పనిచేస్తాయి, కానీ గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, రక్తకణాలు, లివర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మీరు గౌట్‌కి, అంటే యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్ల నొప్పికి, అల్లోప్యూరినాల్ వాడుతుంటే మాత్రం తప్పక చెప్పండి, రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

గట్ల మీది మొక్కను పూత రాకముందే పీకించండి, మీరు పీకకండి. నిండు చేతుల చొక్కా, తువ్వాలు కట్టుకుని పొలం వెళ్లండి, రాగానే స్నానం, ఆ బట్టలు వేరుగా ఉతకడం. ఇది చేయకుండా మందులు మాత్రమే వాడితే డబ్బు దండగ. చామంతి, పొద్దుతిరుగుడు కూడా ఇదే కుటుంబం, వాటి దగ్గర కూడా దురద పెరుగుతుందేమో గమనించండి.

ప్రశ్న: మేడమ్, స్టికర్ బొట్టు పెట్టుకునే చోట నాకు గుండ్రంగా తెల్లమచ్చ వచ్చింది, దురద లేదు. బ్రాండ్ మార్చినా తగ్గలేదు. ఇది బొల్లేనా? మా అత్తయ్య చాలా టెన్షన్ పడుతున్నారు.

జవాబు: బ్రాండ్ మారినా జిగురు మారకపోవచ్చు కదమ్మా. చాలా స్టికర్ల జిగురులో ఉండే ఒక రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాలనే దెబ్బతీస్తుంది, దురద లేకుండానే. స్టికర్లు పూర్తిగా ఆపేయండి, బదులుగా కుంకుమ పెట్టుకున్నా దాని రంగులూ కొందరికి పడవు కాబట్టి ఆ మచ్చ మీద ప్రస్తుతానికి ఏదీ వద్దు. త్వరగా ఆపి మందు రాస్తే చాలామందికి రంగు తిరిగొస్తుంది, నెలలు పట్టినా సరే. చెప్పుల పట్టీ తగిలే చోట కూడా తెల్లబడిందేమో చూసుకోండి, వాటి జిగురులోనూ అదే రసాయనం ఉండొచ్చు. ఏదీ తగలని పెదాలు, వేళ్ల చివర్లలో కూడా మచ్చలు వస్తుంటే అప్పుడు బొల్లి గురించి ఆలోచించాలి. మచ్చ మీద స్పర్శ తగ్గినట్టుంటే కుష్టు పరీక్ష చేయించండి, ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.