సింక్ నొక్కినా అర నిమిషానికే బీట్లు విడిపోతుంటే

తమ్ముడూ, డీజే సాఫ్ట్‌వేర్‌లో సింక్ (రెండు పాటల వేగాన్ని దానంతటదే కలిపే బటన్) నొక్కి పాత సినిమా పాటను హౌస్ ట్రాక్‌తో (ఒకే వేగంతో సాగే డ్యాన్స్ సంగీతం) కలిపితే మొదట బాగానే ఉండి, అర నిమిషానికి డ్రమ్ములు గుర్రం పరుగులా వినిపిస్తున్నాయని రాశావు. తప్పు నీ చెవిది కాదు, బీట్‌గ్రిడ్‌ది, అంటే బీట్లు ఎక్కడ పడతాయో చూపిస్తూ పాట మీద సాఫ్ట్‌వేర్ గీసే గీతలది.

సాఫ్ట్‌వేర్ పాటంతా ఒకే వేగం అనుకుని గీతలు గీసేస్తుంది. ఆ 80ల నాటి పాటేమో వాద్యగాళ్లు స్టూడియోలో కూర్చుని వాయించింది. చరణంలో కాస్త పరుగెడుతుంది, పల్లవికొచ్చేసరికి నెమ్మదిస్తుంది. తేడా అర బీపీఎమ్ (నిమిషానికి ఎన్ని బీట్లు అనే లెక్క) ఉన్నా నిమిషం తిరిగేసరికి అర బీటు జరిగిపోతుంది.

ముందు ఆ పాటను పక్కన పెట్టు. 126, 128 బీపీఎమ్ ఉన్న రెండు హౌస్ ట్రాకులు తీసుకుని సింక్ ఆపేయ్. స్క్రీన్ మీద బీపీఎమ్ అంకెకు కాగితం ముక్క అంటించు (నేనూ అలాగే నేర్చుకున్నా, ఇంట్లోవాళ్లు నవ్వారనుకో). హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, రెండో పాట కిక్‌ను (బరువైన డ్రమ్ము దెబ్బ) మొదటి పాట ‘ఒకటి’ (నాలుగు బీట్లలో మొదటిది) మీద వదులు. వెనకబడితే జాగ్ వీల్ (పాటను ముందుకూ వెనక్కీ జరిపే గుండ్రటి చక్రం) అంచును కొద్దిగా ముందుకు తోయ్. మళ్లీ మళ్లీ ముందుకే తోయాల్సి వస్తోందంటే టెంపో స్లైడర్ (పాట వేగం మార్చే మీట) పెంచాలన్నమాట. 126ను 128కి తేవడానికి దాదాపు 1.6 శాతం చాలు.

రెండింటి బాసూ (లోతైన, బరువైన శబ్దం) ఒకేసారి ఉంచకు, అంతా ముద్దైపోతుంది. కొత్తదాని బాస్ తెరుస్తూనే పాతదాన్ని తగ్గించేయ్.

పాత పాట వేయాల్సిందే అంటావా, ఇంట్రోలో ఎనిమిది బీట్లు మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేసి, దాని మీదే తొందరగా మారిపో.