కొరియా ఉత్తరాలు చదవబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. కొరియా యుద్ధకాలపు ఉత్తరాల మీద పరిశోధన మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. ముందు నా పొరపాటు చెబుతాను. పంపిన ఉత్తరాలు ఒక కట్టగా, వచ్చిన జవాబులు మరో కట్టగా పెట్టుకుని విడివిడిగా చదివాను. ఆరు నెలలు గంగపాలు. నువ్వు మాత్రం ఉత్తరాన్ని, జవాబును పక్కపక్కనే పెట్టుకుని, మధ్యలో గడిచిన రోజులు లెక్కపెట్టు.

1953 ఫిబ్రవరి 22న ఐక్యరాజ్యసమితి సేనల అధిపతి మార్క్ క్లార్క్, జబ్బుపడిన, గాయపడిన ఖైదీలను ఇచ్చిపుచ్చుకుందామని ఉత్తర కొరియా నేత కిమ్ ఇల్ సుంగ్‌కూ చైనా సేనాని పెంగ్ దెహువాయికీ రాశాడు. సరేనన్న జవాబు మార్చి 28న వచ్చింది. ఈలోగా, మార్చి 5న, మాస్కోలో, వాళ్లకు అండగా ఉన్న సోవియట్ నేత స్టాలిన్ కన్నుమూశాడు. క్యాలెండర్ తెరవని వాళ్లకు ఆ చావు కనిపించదు.

జవాబులో ఏం మారిందో కూడా చూడు. 1951 జూన్ 30న, క్లార్క్‌కు ముందు ఐక్యరాజ్యసమితి సేనల అధిపతిగా ఉన్న రిడ్జ్‌వే, ఉత్తర కొరియాలోని వాన్‌సాన్ రేవులో డెన్మార్క్ వారి ఆసుపత్రి ఓడ మీద మాట్లాడుకుందామన్నాడు. అవతలివాళ్లు చర్చలకు ఒప్పుకున్నారు, ఓడకు ఒప్పుకోలేదు. కేసాంగ్‌కు రమ్మన్నారు. అది యుద్ధానికి ముందు రెండు కొరియాలకు సరిహద్దుగా ఉన్న 38వ అక్షాంశానికి దక్షిణాన ఉన్న ఊరు! మర్యాదగా రాసిన ఆ ఒక్క సవరణలో ఎంత బేరముందో ఆలోచించు.

అసలు నువ్వు ఎక్కువ రోజులు కూర్చోవలసింది 1950 జూలై 14 నాటి ఉత్తరం దగ్గర. దక్షిణ కొరియా రాజధాని సియోల్ జూన్ 28నే ఉత్తర కొరియా చేతిలోకి పోయింది, మరో ఆరు రోజుల్లో తేజాన్ నగరం కూడా పోబోతోంది. అప్పుడు దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తన సేనలన్నిటిపై ఆధిపత్యాన్ని ఐక్యరాజ్యసమితి సేనల అప్పటి అధిపతి మెక్‌ఆర్థర్‌కు అప్పగించాడు. జూలై 18న మెక్‌ఆర్థర్ జవాబు అమెరికా రాయబారి ముచ్చో ద్వారా అందింది. రీ ఉత్తరంలో పొగడ్తలు దాటి ఒక్క మాట పట్టుకో: ‘ప్రస్తుత యుద్ధస్థితి కొనసాగినంత కాలం’. 1953లో కాల్పులు ఆగాయి గానీ శాంతి ఒప్పందం కుదరలేదు. సైన్యంపై శాంతికాలపు అధికారం సియోల్‌కు తిరిగి వచ్చేసరికి 1994 డిసెంబరు అయింది. యుద్ధకాలపు అధికారం మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కంగారులో రాసిన నాలుగు ముక్కలకు ఎంత ఆయుష్షో!

అయితే రీ ఇచ్చింది సైన్యాన్ని, ప్రభుత్వాన్ని కాదు. ఆ తేడా 1953 జూన్ 18న బయటపడింది. యుద్ధవిరమణ ఇష్టంలేని ఆయన, ఉత్తర కొరియాకు తిరిగి వెళ్లనన్న దాదాపు 27,000 మంది ఖైదీలను వదిలేయించాడు. కాపలాదారులు ఆయన మనుషులే మరి. జూన్ 29న క్లార్క్ కిమ్‌కు, పెంగ్‌కు సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. దక్షిణ కొరియా సైన్యం మా ఆధీనంలో ఉంది గానీ, ఆ దేశం స్వతంత్ర రాజ్యం, దానిపై మాకు అధికారం లేదన్నది అందులోని సారం. దీన్ని 1950 నాటి ఉత్తరం పక్కన పెట్టి చదువు. ముసలాయన గడుసుదనం అప్పుడు అర్థమవుతుంది. నాకు ఆయన రాజకీయం నచ్చదు, ఆ గడుసుదనం మాత్రం నచ్చుతుంది.

సేనానులు పదవి దిగాక రాసుకున్న ఉత్తరాలను వేరే కళ్లద్దాలతో చదవాలి. అమెరికా జనరల్ వాన్ ఫ్లీట్ కొరియాలో సేనాపతిగా ఉండగానే, 1952లో, విమానం నడుపుతూ వెళ్లిన ఆయన కొడుకు తిరిగి రాలేదు. అలాంటి మనిషి కొరియా మీద చూపిన మమకారాన్ని ఒట్టి దౌత్యం అని కొట్టిపారేయకు.

దసరాకు వస్తావుగా, 1950 ఉత్తరం నకలు తీసుకురా. అచ్చు పెద్దదిగా ఉండేలా చూడు, నా చూపు మునుపటిలా లేదు.

మీ మామయ్య