పేపర్లు లేని పిల్లలు, బడి గుమ్మం

ప్రశ్న: నేను సోషల్ టీచర్‌ని. వలసల పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు "న్యూయార్క్‌లో వీసా లేకుండా ఉండే చైనావాళ్ల పిల్లల్ని బళ్లో ఎలా చేర్చుకుంటారు టీచర్, పోలీసులు పట్టుకోరా?" అని అడిగాడు. సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లలు ఎలా బతుకుతారో కూడా చెప్పగలరా?

జవాబు: బళ్లో చేర్చుకుంటారండీ, చేర్చుకుని తీరాలి. ఇలాంటి పిల్లల చదువుకు నిధులు ఆపేస్తూ టెక్సస్ రాష్ట్రం 1975లో తెచ్చిన చట్టాన్ని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేసింది. పెద్దవాళ్లు చేసినదానికి పిల్లల్ని శిక్షించడం న్యాయం కాదన్నది తీర్పు రాసిన జస్టిస్ బ్రెనన్ వాదన. కేసు మెక్సికో పిల్లలది, ఫలితం అన్ని దేశాల పిల్లలకూ దక్కింది.

అయితే ఆ తీర్పు బడి గుమ్మం దాకానే వస్తుంది, ఇంటి సంగతి వేరు. 1980, 90లలో చైనా ఆగ్నేయ తీరంలోని ఫూజౌ నగరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది న్యూయార్క్ చేరారు. వీసా మీద వచ్చి గడువు దాటాక ఉండిపోయినవాళ్లూ ఉన్నారు, దొంగదారిన వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ దారిన తెచ్చే దళారులను చైనావాళ్లు 'పాముతలలు' అంటారు. 1993 జూన్‌లో గోల్డెన్ వెంచర్ అనే ఓడ 286 మందితో వచ్చి క్వీన్స్‌లోని రాకవే తీరం దగ్గర ఇసుకలో కూరుకుపోయింది, ఒడ్డు చేరాలని చన్నీళ్లలో దూకినవాళ్లలో పదిమంది చనిపోయారు. ఆ ప్రయాణానికి ఒక్కొక్కరూ ఒప్పుకున్న రేటు 30 వేల డాలర్లు, ఆపైన! అమ్మానాన్నా ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకున్నా ఆ అప్పు తీరేదాకా చేతిలో పైసా నిలవదు. ఈ పిల్లల పేదరికానికి మూలం నాకు అక్కడే కనిపిస్తుంది.

చైనాటౌన్‌లో, బ్రూక్లిన్ సన్‌సెట్ పార్క్‌లో కుట్టు షాపులు నడిచిన రోజుల్లో, బడి వదలగానే పిల్లలు అమ్మ మిషన్ పక్కన చేరి, కుట్టిన బట్టలకు వేలాడే దారాలు కత్తిరించేవాళ్లు. కూలి పీసుకింత అని లెక్క, అందుకే ఆ చిన్న కత్తెర ఎంత తొందరగా ఆడితే అమ్మ అంత తొందరగా ఇంకో బట్ట అందుకునేది. హోంవర్క్ కూడా ఆ బట్టల కుప్పల మధ్యే.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒక మామూలు కాగితం. బళ్లో ఉచిత భోజనం కోసం నింపే ఫారంలో ఇంట్లో ఒక పెద్దవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) చివరి నాలుగు అంకెలు అడుగుతారు, లేనివాళ్లు 'లేదు' అని టిక్ పెడితే చాలు, వీసా ఉందా లేదా అన్నదానితో భోజనానికి సంబంధమే లేదు. ఈ ముక్క చెప్పేవాళ్లెవరు? ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే అనుకోండి, పెన్ను ఆ గడి దగ్గర ఆగిపోతుంది. టిక్ పెడితే నాన్నని పట్టుకెళ్తారేమో, పెట్టకపోతే మధ్యాహ్నం ఆకలి. ఆ వయసు పిల్లకి అంత టెన్షనా అండీ! 2017 నుంచి న్యూయార్క్ ప్రభుత్వ బళ్లలో మధ్యాహ్న భోజనం అందరికీ ఉచితం చేశారు, ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గడే.

ఇక పోలీసుల మాట. చేర్చుకోవడానికి బడి వీసా చూపించమనదు, కానీ భయం ఉత్తుత్తిది కాదు, పనిచేసే చోట అమ్మో నాన్నో దొరికిపోవచ్చు. అందుకే ఎవరైనా ఎక్కడ పుట్టావని అడిగితే "ఇక్కడే" అనమని ఇంట్లో నేర్పిస్తారు, ఆ అబద్ధం ప్రాణ స్నేహితురాలికి కూడా చెప్పాలి. జ్వరమొస్తే డాక్టరు మాట అమ్మకు తర్జుమా చేసేదీ జ్వరంతో ఉన్న ఆ పిల్లే. న్యూయార్క్ రాష్ట్రంలో 19 ఏళ్లలోపు పిల్లలకు పేపర్లు లేకపోయినా చైల్డ్ హెల్త్ ప్లస్ బీమా ఇస్తారు, అదొక్కటి నయం.

పన్నెండో తరగతి దాటితే ఆ తీర్పు రక్షణ కూడా ఉండదు. చిన్నప్పుడే అమెరికా వచ్చినవాళ్లను వెనక్కి పంపేయకుండా 2012లో ఒబామా ప్రభుత్వం తెచ్చిన డాకా అనే ఏర్పాటు కింద కొందరికి పని చేసుకునే అనుమతి దొరికింది, కానీ అది 2007 జూన్ 15 నుంచీ అక్కడే ఉన్నవాళ్లకే. ఇప్పుడు బళ్లలో ఉన్న పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టనే లేదు.