బిష్కెక్‌లో మెస్ పెడతానంటున్నాడు, పొలం అమ్మమంటారా?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివి వచ్చాడు. విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే పాసవ్వాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష రెండుసార్లు రాశాడు, పోయింది. ఇప్పుడు మళ్లీ అక్కడికే వెళ్లి, తెలిసిన కిర్గిజ్ అతనితో కలిసి మన విద్యార్థులకు హాస్టల్, మెస్ పెడతానంటున్నాడు. పాతిక లక్షలు కావాలట. పొలం అమ్మితే తప్ప రావు. అమ్మమంటారా?

జవాబు: పొలం అమ్మకండి. అలాగని అబ్బాయిని వెళ్లొద్దని కూడా అనకండి.

ముందు ఒక్క మాట అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. వ్యాపారం మీద ఇష్టంతో వెళ్తున్నాడా, లేక ‘పరీక్ష ఏమైంది’ అని ఊళ్లో అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక వెళ్తున్నాడా? ఎఫ్ఎంజీఈ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, 300కి 150 మార్కులు చాలు. రెండుసార్లు పోయినంత మాత్రాన డాక్టరు కాలేడని కాదు. మనసు ఇంకా వైద్యం మీదే ఉంటే మంచి కోచింగ్ ఇప్పించండి. దానికి మీరు చెప్పిన పాతిక లక్షల్లో చిన్న వంతు కూడా పట్టదు.

లేదు, వ్యాపారమే చేస్తానంటే మంచిదే. కానీ మెస్ వద్దంటాను. ఆ మెస్‌లో తినేది ఒక్క మన పిల్లలే. వాళ్లు ఏ దేశం వెళ్లాలో చాలావరకు ఇక్కడి ఏజెంట్లు తేలుస్తారు, వెళ్లినవాళ్ల డిగ్రీ చెల్లాలా వద్దా అనేది మన జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) తేలుస్తుంది. 2021 నవంబరులో ఎన్ఎంసీ 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలని రూల్ పెట్టినప్పుడు ఎంతమంది తల్లిదండ్రులు ఏ దేశమో తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చారో నాకు గుర్తుంది. అలాంటి రూల్ ఇంకొకటి వస్తే ఆ ఏడాది గదులు ఖాళీగా ఉంటాయి, అద్దె మాత్రం కట్టాలి. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద అల్లరి మూకలు పడ్డ రాత్రి కూడా మరిచిపోవద్దు. బయటికి రావొద్దని మన ఎంబసీ చెప్పింది. ఆ తర్వాత చాలామంది పిల్లలు ఇళ్లకు వచ్చేశారు. అలాంటి నెలలో మెస్ ఎవరి కోసం నడపాలి?

ఇక ఆ కిర్గిజ్ మిత్రుడి సంగతి. అతను మంచివాడే కావచ్చు, నాకు తెలియదు. నేను చూసేది కాగితాన్ని. మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీని అక్కడ ‘ఓసోఓ’ అంటారు. విదేశీయుడు కూడా పూర్తి వాటాతో పెట్టుకోవచ్చు, రిజిస్ట్రేషన్ పెద్ద కష్టం కాదు. కంపెనీ ఉన్నంత మాత్రాన అక్కడ ఉండి పనిచేసే హక్కు రాదు, దానికి వీసా, పర్మిట్ వేరు. ఈ ఇబ్బంది ఎందుకని ‘నా పేరున పెట్టేద్దాం, నువ్వు డబ్బు పెట్టు’ అనడం అక్కడ మామూలే.

రెండేళ్ల కిందట ఒక కుర్రాడు ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం జాగ్రత్తగా పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కింద గుండ్రటి నీలం ముద్ర, రెండు సంతకాలు. తన వాటా పత్రం అన్నాడు. కాగితం రష్యన్‌లో ఉంది, ఆ భాష బాగా వచ్చినావిడ చేత చదివించాను. పైన ‘దొగవోర్ అరెండీ’ అని ఉంది. అంటే అద్దె ఒప్పందం. ఇతను డబ్బు పెట్టి కొన్న పొయ్యిలు, ఫ్రిజ్‌లు అవతలివాడి కంపెనీకి అద్దెకిచ్చినట్టు రాసి ఉంది. వాటా మాటే లేదు. ఆ కుర్రాడికి బజారు రష్యన్ బ్రహ్మాండంగా వచ్చు. కాగితం రష్యన్ రాదు. ఆవిడ చదువుతుంటే అతని ముఖం చూడలేకపోయాను.

అందుకే సంతకానికి ముందు ప్రతి దొగవోర్‌నీ, అంటే ఒప్పందాన్నీ, సొంత లాయరు చదవాలి, పార్ట్‌నర్ తెచ్చిన లాయరు కాదు. నెలకింత ఇచ్చి అకౌంటెంట్‌ని పెట్టుకోవాలి. వాళ్ల మాటలో ‘బుహ్‌గాల్తెర్’. ఆ దేశాల్లో చిన్న షాపు కూడా బుహ్‌గాల్తెర్ లేకుండా సరిగ్గా నడవదు.

డబ్బు పంపే దారి కూడా చూడండి. మీ పేరున విదేశీ కంపెనీలో పెట్టుబడిగా పంపాలంటే బ్యాంకు ద్వారానే, ఫారం ఎఫ్‌సీ అనే విదేశీ పెట్టుబడి ఫారం ఇచ్చి పంపాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు ఆదాయపు పన్ను, బ్యాంకువాళ్లు పట్టుకుంటారు. పాతిక లక్షలకు అది 3 లక్షలు. రైతు కదా అని రిటర్న్ వేయకపోతే ఆ 3 లక్షలు తిరిగి రావు. హవాలాలో పంపిస్తానని ఎవరన్నా దగ్గరికి రానివ్వకండి. రేపు అక్కడ గొడవైతే ఆ డబ్బు మీదని చూపించడానికి ఒక్క కాగితం ఉండదు.

పెట్టుబడి రూపాయల్లో, రాబడి పరాయి కరెన్సీలో ఉన్నప్పుడు ఇంకో భయం ఉంది. 2015 ఆగస్టులో పక్కనే ఉన్న కజకిస్తాన్‌లో డాలరుకు 188 టెంగేలు (అక్కడి కరెన్సీ) ఉన్నది ఒక్కరోజులో 255 అయింది. ఉజ్బెకిస్తాన్‌లో 2017 సెప్టెంబరులో డాలరు అధికారిక ధర ఒకేసారి దాదాపు రెట్టింపైంది. వ్యాపారం బాగా నడిచినవాళ్లు కూడా ఆ దెబ్బ తిన్నారు.

ఇంకొకటి. బిష్కెక్ నుంచి రష్యాకు ఎలక్ట్రానిక్ సామాను పంపిద్దాం, బోలెడు లాభం అని ఎవరైనా పిలుస్తారు. రష్యా మీద ఉన్న ఆంక్షలను తప్పించడానికి సాయం చేశాయని అమెరికా కొన్ని కిర్గిజ్ కంపెనీలను, 2025 జనవరిలో అక్కడి ఒక బ్యాంకును కూడా బ్లాక్‌లిస్టులో పెట్టింది. అందులో పేరు పడితే చాలా దేశాల్లో బ్యాంకు ఖాతా తెరవడమే కష్టమవుతుంది. అబ్బాయికి గట్టిగా చెప్పండి.

మరి ఏం చేయాలి? నా దృష్టిలో అతని అసలు ఆస్తి వైద్యం, రష్యన్ రెండూ తెలిసి ఉండటం. హైదరాబాద్ మందుల కంపెనీలు రష్యాకు, మధ్య ఆసియాకు ఏళ్లుగా అమ్ముతున్నాయి. కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, రష్యా, బెలారస్, ఆర్మీనియా ఒకే యూరేషియన్ ఆర్థిక యూనియన్‌లో ఉన్నాయి. కొత్త మందుల రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఆ యూనియన్ ఉమ్మడి నిబంధనల ప్రకారం జరుగుతుంది. ఆ ఫైళ్లు చదివి, అక్కడి డాక్టర్లతో వాళ్ల భాషలో మాట్లాడగలిగిన మనిషి మన కంపెనీలకు కావాలి. కజకిస్తాన్‌లోని అల్మాటీలోనో, ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్‌లోనో రెండేళ్లు ఉద్యోగం చేయనివ్వండి. డిస్ట్రిబ్యూటర్లు ఎవరు, సరుకు ఎక్కడ ఆగుతుంది, డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది, అన్నీ జీతం తీసుకుంటూనే తెలుసుకుంటాడు. ఈలోపు కాగితం రష్యన్, దాంతోపాటు కిర్గిజ్ కూడా నేర్చుకోవాలి. కిర్గిజ్ వస్తే కజఖ్ దగ్గరే, రెండూ చుట్టాల భాషలు. అప్పుడు పెట్టే వ్యాపారానికి పెట్టుబడి కూడా అతని జీతంలోంచే కొంత వస్తుంది.

పార్ట్‌నర్‌తో ఇప్పటికే ఏదైనా రాసుకుని ఉంటే ఆ కాగితం అన్ని పేజీలూ ఫొటో తీసి పంపమనండి. చదివించి చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ అని ఒక్క రూపాయి కూడా కదలనివ్వకండి.