కౌబాయ్స్ చిట్టా, ఆవర్జా: మేనల్లుడికి ఓ ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు ఫోన్లో అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పబోయాను గానీ, మీ అత్తయ్య మూడోసారి భోజనానికి పిలిచేసరికి పెట్టేశాను. ఆటగాళ్ల జీతాల లెక్కలు పెట్టే ఓవర్ ద క్యాప్ సైట్లో మన డల్లాస్ జట్టు కౌబాయ్స్‌కి క్యాప్‌లో మిగిలిన జాగా ఒక అంకె, స్పోట్రాక్ సైట్లో ఇంకో అంకె, మధ్యలో ఎనిమిది మిలియన్ల తేడా, ఏది నమ్మను మావయ్యా అన్నావు. క్యాప్ అంటే జట్టు జీతాలకి లీగ్ ఏటా పెట్టే పరిమితి. రెండూ నిజమే అయ్యుండొచ్చురా. అదెలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మీ తాతయ్య తెనాలిలో రైసు మిల్లు గుమాస్తా అని నీకు తెలుసు. ఆయన దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా: ఏ రోజు ఎవరికి ఎంత చెల్లించాడో ఆ రోజే అందులో రాసేవాడు. రెండోది ఆవర్జా: ఎవరి పద్దు కింద ఎంత పడిందో అందులోకి ఎత్తి రాసేవాడు. చిట్టా చూసి ఆవర్జా మాట మాట్లాడితే ఆయనకి ఒళ్లు మండేది. ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, జీతాల లెక్కకీ సరిగ్గా ఈ రెండు పుస్తకాలే కావాలి. ఆటగాడి చేతికి ఎప్పుడు ఎంత వెళ్లిందన్నది చిట్టా. ఏ ఏడాది క్యాప్‌లో ఎంత పడిందన్నది ఆవర్జా. ఈ దేశంలో సగంమంది అభిమానులు ఒకటి చూసి రెండోదాని గురించి కొట్టుకుంటారు.

పాత లెక్కతో మొదలుపెట్టు. జవాబు తేలిపోయిన లెక్కైతే నీ తప్పు నీకే కనబడుతుంది. 2021 మార్చిలో కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డాక్ ప్రెస్కాట్ నాలుగేళ్లకి 160 మిలియన్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అందులో సంతకం బోనస్ 66 మిలియన్లు, ఆ ఏడాది జీతం 9 మిలియన్లు. చిట్టాలో రాస్తే 75. కానీ బోనస్‌ని గరిష్ఠంగా అయిదేళ్ల మీద సమానంగా పరవనిస్తారు. 66ని అయిదుతో భాగించు, 13.2. దానికి జీతం 9 కలిపితే 22.2. ఆవర్జాలో 2021 కింద పడింది అంతే. నాలుగేళ్ల ఒప్పందానికి అయిదో ఏడు ఎక్కడిదంటావా? వెనకాల ఉత్తుత్తి ఏళ్లు తగిలించారు. వీటిని వాయిడ్ ఇయర్స్ అంటారు. ఆ ఏళ్లలో అతను ఆడక్కర్లేదు, బాకీ మోయడానికే వాటిని కాగితం మీద పెట్టారు. కరోనా వల్ల గ్యాలరీలు ఖాళీగా ఉండి ఆ ఏడాది క్యాప్ 198.2 నుంచి 182.5కి పడిపోయింది. అందుకే ఆ ఏడు అంతగా పరవాల్సి వచ్చింది.

ఇది నువ్వు కంప్యూటర్లో ఈ లెక్కలు రాసుకునే షీట్‌లో నువ్వే చేత్తో చేసి చూడు. వెబ్‌సైట్‌లో 22.2 అని చదవడం వేరు, ఆ 22.2 ఎక్కణ్నుంచి వచ్చిందో నువ్వు వేసుకోవడం వేరు.

ఇక 2025 మార్చి లెక్క. అదే డాక్ జీతంలో 45.75 మిలియన్లని బోనస్‌గా మార్చారు. అయిదో వంతు 9.15 ఆ ఏడాదికి ఉంచి, మిగిలిన 36.6 ముందు ఏళ్లకి తోశారు. రిసీవర్ (బంతి అందుకునేవాడు) సీడీ ల్యామ్ ఒప్పందంలో కూడా ఇదే పని చేసి ఇంకో 20 మిలియన్లు ఖాళీ చేశారు. మొత్తం 56.6. ఆ వారం మన గుడి దగ్గర పార్కింగ్‌లో ఒకాయన నాతో, "చూశారా, డాక్ జట్టు కోసం జీతం తగ్గించుకున్నాడు, ఎంత మంచి కుర్రాడో" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. తగ్గించుకోవడమేమిటి, సీజన్‌లో వారం వారం రావాల్సిన డబ్బు ముందే బోనస్‌గా వస్తుంటే! జట్టుకి జరిగింది మాఫీ కాదు, వాయిదా. నాలుగేళ్లపాటు ఏటా 9.15 ఆవర్జాలో కూర్చుంటుంది. ఇలా జీతాన్ని బోనస్‌గా మార్చడాన్నే రీస్ట్రక్చర్ అంటారు. ఆ మాట వినబడగానే నీ షీట్‌లో ఒక అంకె కాదు, అయిదు అంకెలు మార్చాలి. మొదటిది మార్చి మిగతా నాలుగు వదిలేసేవాళ్లే రెండేళ్ల తర్వాత "ఇంత బాకీ ఎక్కణ్నుంచి వచ్చింది" అని ఆశ్చర్యపోతారు.

ఇక డెడ్ మనీ, అంటే వెళ్లిపోయిన ఆటగాడి పేరిట పుస్తకంలో మిగిలే బాకీ. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, నేను బోల్తాపడింది ఇక్కడే.

బోనస్ అయిదేళ్ల మీద పరిచారనుకో. మధ్యలో ఆటగాణ్ని తీసేస్తే, ఇంకా ఆవర్జాలోకి ఎక్కని మిగతా వాటాలన్నీ ఒక్కసారిగా ఆ ఏడాది నెత్తిన పడతాయి. మనిషి వెళ్లిపోయాడు, పద్దు మిగిలింది. అయితే జూన్ 1 తర్వాత తీసేస్తే ఆ ఏడాది వాటా ఒక్కటే ఆ ఏడాదికి పడుతుంది, మిగతాదంతా వచ్చే ఏడాదికి వెళ్తుంది. అంతకాలం ఆగలేని జట్టు ఏడాదికి ఇద్దరిని మార్చిలోనే పంపేసి, జూన్ 1 తర్వాత పంపినట్టు లెక్క రాయించుకోవచ్చు.

2023 మార్చిలో మన ఆటగాడు ఎజికీల్ ఎలియట్‌ని అలాగే పంపారు. ఆ ఏడాది అతని పద్దు 16.72 మిలియన్లు. అందులో జీతం 10.9, పాత బోనస్ వాటా 5.82. తర్వాతి ఏళ్ల వాటాలు ఇంకో 6.04. మామూలుగా తీసేస్తే బోనస్ బాకీ 11.86 ఒకేసారి పడి, మిగిలేది 4.86. జూన్ లెక్కన అయితే మిగిలేది 10.9. ఇంతవరకు నాకూ తెలుసు. ఉగాది రోజు ఇర్వింగ్‌లో ఒక మిత్రుడి ఇంట్లో పది మంది కూర్చున్నాం. పచ్చడి గిన్నె చేతిలో పెట్టుకుని, "మనకి ఇవాళ్టికి పదకొండు మిలియన్లు కొత్తగా వచ్చాయి" అని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. పందెం కూడా కాశాను, బిర్యానీ పార్టీకి. ఆ ఇంటి పిల్లాడు, తొమ్మిదో తరగతి, సోఫా వెనకాల ఫోన్ చూసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు: "అంకుల్, జూన్ దాకా ఆ డబ్బు రాదు కదా." నిజమే. మార్చిలో పంపినా జూన్ వచ్చేదాకా 16.72 మొత్తం పుస్తకంలోనే కూర్చుంటుంది. ముప్పై ఏళ్లు అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ని, తారీఖు చూసుకోలేదు. పదకొండు మందికి బిర్యానీ పెట్టాను. ఆ పిల్లాడికి అదనంగా రెండు లెగ్ పీసులు.

కాబట్టి నీ షీట్‌లో ప్రతి అంకె పక్కనా "ఎప్పటినుంచి" అని ఒక గడి ఉండాలి. ఆ గడి లేని షీట్‌ని నేను నమ్మను.

డెడ్ మనీ అంటే జట్టు పని అయిపోయినట్టేనని మాత్రం అనుకోకు. డెన్వర్ జట్టు వాళ్లు క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌తో 2022లో అయిదేళ్ల కొత్త ఒప్పందం రాసుకుని, 2024 మార్చిలో పంపేశారు. మొత్తం 85 మిలియన్ల బాకీ. 2024కి 53, 2025కి 32. అతను 1.21 మిలియన్ల కనీస జీతానికి పిట్స్‌బర్గ్ వెళ్లాడు, మిగతా గ్యారంటీ జీతం డెన్వరే కట్టింది. అంత బరువు మోస్తూ కూడా డెన్వర్ ఆ ఏడాది పదింట గెలిచి ప్లేఆఫ్స్‌కి చేరింది. కారణం బో నిక్స్. కొత్త క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు, చవక ఒప్పందం. క్వార్టర్‌బ్యాక్ చవగ్గా దొరికిన నాలుగేళ్లూ జట్టుకి పండగే.

తారీఖుల దగ్గరికొద్దాం. కొత్త లెక్కల ఏడాది మార్చి మధ్యలో ఒక బుధవారం మొదలవుతుంది, ఈస్టర్న్ టైం నాలుగింటికి, మన డల్లాస్‌లో మూడింటికి. దానికి రెండు రోజుల ముందు, సోమవారం మన పదకొండు గంటల నుంచి ఏజెంట్లతో బేరాలాడుకోవచ్చు. ఆ రెండు రోజులూ ఫోన్ మోగుతూనే ఉంటుంది: ఫలానావాడికి మూడేళ్లు, 60 మిలియన్లు అని. ఒరే, ఆ మొదటి అంకె ఎక్కువసార్లు ఏజెంటు చెప్పిన అంకె. అన్ని కోరికలూ తీరితే, అన్ని ఇన్సెంటివ్‌లూ (బాగా ఆడితే ఇచ్చే అదనపు డబ్బు) దక్కితే వచ్చే మొత్తం అది. పెళ్లి సంబంధంలో అబ్బాయి జీతం చెప్పినట్టు. సంతకం నాటి గ్యారంటీ ఎంత, మొదటి ఏడాది పద్దు ఎంత అన్నవి తేలడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతదాకా నీ షీట్‌లో దాన్ని బూడిద రంగులో ఉంచు. అసలు కాగితం బయటపడ్డాక నల్లగా మార్చు. నా షీట్‌లో ఏ మార్చి చివర చూసినా బూడిద రంగు గడులు పది పన్నెండు ఉంటాయి.

నీ ప్రశ్నకి జవాబు చాలామటుకు ఇక్కడే ఉంది. ఒక సైటు పత్రికల్లో వచ్చిన ఒప్పందాన్ని అంచనా వేసి ముందే కలిపేస్తుంది, ఇంకోటి కాగితం వచ్చేదాకా ఆగుతుంది. ఒకరు డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) వచ్చే కుర్రాళ్ల ఖర్చు తీసేసి చెబుతారు, ఇంకొకరు తియ్యరు. ఆ రోజుకి అధికారికంగా జట్టుకి ఎంత జాగా ఉందో చూడాలంటే ఆటగాళ్ల సంఘం ఎన్‌ఎఫ్‌ఎల్‌పీఏ తన సైట్లో అన్ని జట్ల అంకెలూ పెడుతుంది. నేను పొద్దున్నే కాఫీతో ముందు అది చూస్తాను. అంకె నిన్నటికన్నా మారిందంటే ఏదో జరిగినట్టే. ఏం జరిగిందో మిగతా రెండు చోట్లా వెతుకుతాను. ఆ వెతుకులాటే సగం సరదా.

ఇంకో తిరకాసు, టాప్ 51. ఆఫ్‌సీజన్‌లో జట్టు దగ్గర తొంభై మంది దాకా ఉంటారు. అందరి జీతాలూ లెక్కలోకి రావు, పెద్ద పద్దులున్న 51 మందివే వస్తాయి. మిగతావాళ్ల బోనస్ వాటా మాత్రం పడుతుంది. దీంతో ఏమవుతుందంటే, 3 మిలియన్ల ఆటగాడు వస్తే క్యాప్‌లో 3 తగ్గదు. 51వ వాడు జాబితాలోంచి కిందికి జారిపోతాడు. వాడి పద్దు ఒక మిలియన్ అనుకో, నికరంగా తగ్గేది 2. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ కుర్రాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. ఆరో రౌండు, ఏడో రౌండు వాళ్లు 51లోకి రానే రారు, వాళ్ల చిన్న బోనస్ వాటా తప్ప పడేదేమీ ఉండదు. "కుర్రాళ్లకి పది మిలియన్లు కావాలి, మన దగ్గర ఆరే ఉన్నాయి" అని ఎవరైనా కంగారుపడితే ఇది చెప్పు. సెప్టెంబర్‌లో మాత్రం 53 మందీ, ప్రాక్టీస్ స్క్వాడూ (సాధనకి అట్టేపెట్టుకున్న అదనపు ఆటగాళ్లు), దెబ్బ తగిలి మూలన కూర్చున్నవాళ్లూ అందరూ లెక్కలోకొస్తారు. వేసవిలో మిగిలిందంతా ఖర్చుపెట్టే డబ్బు కాదు.

2025 క్యాప్ 279.2 మిలియన్లు అన్నది అందరికీ ఒకటే అంకె. కానీ ఏ జట్టు అసలు పరిమితీ సరిగ్గా అంత ఉండదు. కిందటి ఏడాది మిగిలింది ముందుకు తెచ్చుకోవచ్చు. ఇన్సెంటివ్‌ల సర్దుబాట్లు కూడా ఉంటాయి: కిందటేడు ఎనిమిది శాక్‌లు (ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) చేసినవాడికి ఈ ఏడు ఎనిమిదికి బోనస్ పెడితే, అది వచ్చేదే అని ఇప్పుడే రాస్తారు. పదికి పెడితే రానిదే అనుకుని, తీరా వస్తే తర్వాతి ఏడాది కోస్తారు. మొదటి వరసలో ఆ సర్దుబాటు వేసుకోకపోతే కింద ఎంత కష్టపడ్డా లెక్క కుదరదు.

ఇదంతా ఎందుకంటావా? మీ అత్తయ్య కూడా అదే అంటుంది. 1994లో 34.6 మిలియన్లతో ఈ క్యాప్ మొదలైనప్పటినుంచీ ప్రతి యజమానికీ దొరికిన మంచి సాకు "క్యాప్ లేదండీ" అన్నది. నిజంగా లేదో, ఇష్టం లేదో చెప్పేది నీ షీటే. 2025 ఆగస్టు 28న మన డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ని గ్రీన్‌బే జట్టుకి ఇచ్చేశారు, రెండు మొదటి రౌండు డ్రాఫ్ట్ అవకాశాలూ, కెన్నీ క్లార్క్ అనే ఆటగాణ్నీ తీసుకుని. అతను అక్కడ నాలుగేళ్లకి 188 మిలియన్లు రాయించుకున్నాడు. ఆ సాయంత్రం ఆఫీసులో నీ స్నేహితులు "క్యాప్‌లో పట్టడు కాబట్టి ఇచ్చేశారు" అన్నారని చెప్పావు. షీట్ తెరిచి చూడు. మొదటి ఒప్పందాన్ని జట్టు ఒక ఏడాది పొడిగించుకునే అయిదో ఏడాది ఆప్షన్ కింద అతని పద్దు అప్పటికే 24 మిలియన్లు పుస్తకంలో ఉంది. కొత్త ఒప్పందం రాసి బోనస్ పరిచి ఉంటే ఆ ఏడాది పద్దు పెరగడం కాదు, తగ్గించుకునే వీలే ఉండేది. ఇచ్చెయ్యడం మంచిదా చెడ్డదా అన్నది వేరే గొడవ, నేను ఆ రోజు అన్నం సరిగా తినలేదు. కానీ కారణం క్యాప్ మాత్రం కాదు.

మన కౌబాయ్స్ యజమాని జెర్రీ జోన్స్‌కి లెక్కలు రావనుకోకు. 2010లో క్యాప్ లేని ఏడాది వస్తే రిసీవర్ మైల్స్ ఆస్టిన్‌కి ఆ ఒక్క ఏడాదికే 17 మిలియన్ల జీతం కట్టి భారం దించుకున్నారు. అది కుదరదని లీగ్ 2012లో డల్లాస్‌కి 10 మిలియన్లు, అలాంటి పనే చేసిన వాషింగ్టన్‌కి 36 మిలియన్లు క్యాప్‌లోంచి కోసేసింది. అంటే తెలివి తక్కువై కాదు.

సరే, బుధవారం మూడింటికి ఆఫీసులో మీటింగ్ పెట్టుకోకు. అన్ని జట్లూ రాయాలని కూర్చోకు, ముప్పై రెండు జట్ల పద్దు మోయడం నీ వల్ల కాదు, కౌబాయ్స్ ఒక్కటీ చాలు, మహా అయితే ఫిలడెల్ఫియా, వాళ్లని తిట్టుకోవడానికి. నా షీట్ నీకు పంపాను. 2023 ట్యాబ్‌లో ఎలియట్ వరస ఎర్రగా ఉంటుంది, మార్చి కింద 10.9 అని. తప్పని తెలుసు, అలాగే ఉంచాను. దిద్దకు.

అత్తయ్య నీకోసం గోంగూర సీసా తీసిపెట్టింది. శనివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ల్యామ్ వరస నీ చేతే వేయిస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య