విశాఖకు రావాలా వద్దా అని అడిగిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ నేను, మీ పెద్దమ్మ క్షేమం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బెంగళూరులో ఇప్పుడున్న ఉద్యోగం వదిలి, జీతం కొంత తగ్గినా రుషికొండ ఐటీ కొండ మీద వచ్చిన ఈ కొత్త ఉద్యోగంలో చేరమంటారా అని అడిగావు. చివర "సముద్రం పక్కనే ఉండవచ్చు కదా పెదనాన్నా" అని రాసిన ఆ ఒక్క మాటే నన్ను ఆలోచనలో పడేసింది.

నువ్వు రావాలనే నా అభిప్రాయం. కానీ సముద్రాన్ని చూసి మాత్రం రావద్దు. 1978లో తణుకు నుంచి ఒక రేకు పెట్టెతో వచ్చి పోర్టులో గుమాస్తాగా చేరి, 2016లో పదవీ విరమణ చేసేదాకా రోజూ ఆ నీళ్ల ఒడ్డునే పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను. మొదటి ఆరు నెలలూ సాయంత్రమయ్యేసరికి బీచికి పరుగెత్తాను. ఏడాది తిరిగేసరికి వారానికొకసారి వెళ్తే గొప్ప. అయినా ఈ ఊరు వదిలి పోవాలని ఒక్కసారీ అనిపించలేదు. కారణం ఈ ఊరి పని, ఆ పని ముగిశాక ఇక్కడ మిగిలే పొద్దు.

ఈ ఊరికి అన్నం పెట్టింది సముద్రమే. చిత్తడి నేలను తవ్వి, ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను ముంచి గట్టుగా చేసి కట్టిన హార్బరు 1933లో మొదలైంది. స్వతంత్రం వచ్చిన మరుసటేడే ఇక్కడి నౌకా నిర్మాణ కేంద్రంలో కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, ఆ తరువాత తూర్పు నౌకాదళం పెరిగింది, ఉక్కు కర్మాగారం వచ్చింది. వీటన్నిటి వల్ల శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లే కాక ఒడియా వాళ్లు, మలయాళీలు, పంజాబీలు కూడా ఇక్కడ స్థిరపడ్డారు. మా వీధిలో ఉత్తరాంధ్ర యాస, గోదావరి యాస, నేవీ వాళ్ల హిందీ ఒకే కొట్టు ముందు వినిపిస్తాయి, ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. ఒంటరిగా వచ్చే ఆడపిల్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

రెండో కారణం నీ సాయంత్రాలు. బెంగళూరులో ఆఫీసుకు పోనూ రానూ మూడు గంటలు పడుతోందని నువ్వే రాశావు. మధురవాడలో ఇల్లు తీసుకుంటే రుషికొండ పావుగంట దూరం. మిగిలిన ఆ రెండున్నర గంటలకు జీతంలో కోసుకున్న సొమ్ముతో ధర కట్టి చూసుకో. ఆర్కే బీచిలో గట్టు మీద కూర్చుని, నిమ్మకాయ పిండిన మురీ మిక్స్చరు పొట్లం తింటూ, రేవులో బెర్తు కోసం లంగరు వేసి ఎదురుచూస్తున్న ఓడల దీపాలను లెక్కపెట్టడం నాకు ఇప్పటికీ ఇష్టం. పోర్టు వాణ్ణి కదా, అవి ఎన్ని రోజులుగా అక్కడ నిలబడ్డాయో కూడా లెక్క వేస్తూ ఉంటాను. మీ పెద్దమ్మ నవ్వుతుంది.

ఇక జాగ్రత్తగా చదవవలసిన సంగతి ఇల్లు. నువ్వు తప్పకుండా "సముద్రం కనిపించే ఫ్లాటు" అంటావు. నేను కూడా 1991లో అదే మోజుతో అలల చప్పుడు వినిపించే ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. రెండో ఏడు ఒక ఉదయం కిటికీ తీయబోతే గొళ్లెం విరిగి చేతిలోకి వచ్చింది. పైకి రంగు చెక్కుచెదరలేదు, లోపల ఇనుమంతా తుప్పు పొరలై పొడిగా రాలింది. ఉప్పుగాలి ఇనుప ఊచలను, స్కూటరు సైలెన్సరును, ఏసీ బయటి పెట్టెను ఒకే తీరున తింటుంది. అందుచేత ఒడ్డుకు ఒకటి రెండు కిలోమీటర్లు లోపలికి, అల్యూమినియం గానీ యూపీవీసీ గానీ కిటికీలున్న ఇల్లు చూసుకో. సముద్రం వైపు గోడంతా అద్దమే ఉన్న హాలు చూపించి ఎక్కువ అద్దె అడిగితే నమస్కారం పెట్టి దిగిరా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన ఆదివారం నేనీ మాట అనుభవంతో నేర్చుకున్నాను. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది, తుపాను పోయిందనుకుని మా మేడలోని వాళ్లు వీధిలోకి వచ్చి నిలబడ్డారు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అందుకుంది, ఉదయమంతా తట్టుకుని నిలిచిన తలుపులు అప్పుడు ఊడాయి. మర్నాడు కైలాసగిరి కొండ చూస్తే నిప్పు పెట్టినట్టు గోధుమరంగులో ఉంది, చెట్టుకు ఆకు లేదు. కరెంటు, నీళ్లు లేని ఆ రోజుల్లో మమ్మల్ని కాపాడింది కింది అంతస్తువాళ్ల బావి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంట్లో తాగునీరు, టార్చి, కొంత రొక్కం సిద్ధంగా ఉంచుకోవడం ఈ ఊళ్లో చాదస్తం కాదు.

దుమ్ము గురించి కూడా దాచకుండా చెప్పాలి. ఒకవైపు కైలాసగిరి వరుస, మరోవైపు యారాడ కొండల వరుస ఉండి మధ్యలో ఊరు గిన్నెలా ఉంటుంది. చలికాలంలో గాలి కదలనప్పుడు పొగ ఆ గిన్నెలోనే నిలిచిపోతుంది. పాతనగరంలో, జ్ఞానాపురంలో పొద్దున తుడిచిన కిటికీ చట్రం మీద సాయంత్రం వేలు పెడితే పోర్టులో దిగే బొగ్గు పొడి నల్లగా అంటుకుంటుంది. ఆ బొగ్గు దిగుమతి రసీదుల మీద సంతకాలు చేసినవాడినే కనుక దీని గురించి గొప్పగా మాట్లాడే హక్కు నాకు లేదు. నీకు చిన్నప్పటి ఉబ్బసం ఉంది కాబట్టి పోర్టు వైపూ, గాజువాక పారిశ్రామిక ప్రాంతం వైపూ ఇల్లు చూడనే వద్దు.

సముద్రంలో స్నానం విషయంలో నాకు మాట ఇవ్వాలి. ఆర్కే బీచిలో ఒడ్డు ఏటవాలుగా దిగుతుంది, వెనక్కు లాగే ప్రవాహం కాళ్ల కింది ఇసుకను తోడేస్తుంది. తీరం వెంట ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుకను హార్బరు గట్లు ఆపేస్తాయి, అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జరుతో ఇసుక తోడి మళ్లీ బీచిలో పోయవలసి వస్తోంది. అలా మారుతుండే నేల కనుక, నిన్న మోకాలి లోతు ఉన్నచోట ఇవాళ అంతే ఉంటుందని అనుకోకు.

చేపల సంగతి నీకు చెప్పనక్కరలేదు గానీ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంటుంది. మిగతా రోజుల్లో తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్తే వంజరం, చందువా చేపల వేలంపాట నీ కళ్లెదుటే జరుగుతుంది. మొప్ప ఎత్తి ఎరుపు చూడకుండా కొనకు.

ఉద్యోగం గురించిన హెచ్చరికను కావాలనే చివరికి ఉంచాను. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒక కంపెనీ మానేస్తే రోడ్డు దాటి ఇంకొకదానిలో చేరవచ్చు, ఇక్కడ ఆ సందడి ఇంకా రాలేదు. 2025 అక్టోబరులో గూగుల్ వారి డేటా కేంద్రం ప్రకటన వచ్చినప్పటి నుంచి ఇక్కడి స్థలాల దళారులకు నిద్ర పట్టడం లేదు. అటువంటి కేంద్రాన్ని కట్టేటప్పుడు మనుషులు ఎక్కువ కావాలి, నడిపేటప్పుడు తక్కువ చాలు. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం వీధుల్లోకి వస్తే, 1971లో శంకుస్థాపన జరిగింది, కర్మాగారం జాతికి అంకితమైంది 1992లో. ఆ ఉద్యోగాల మీద ఆశ పెట్టుకున్న నా స్నేహితుల్లో ఒకరిద్దరికి ఆలోగా వయసు దాటిపోయింది. కాబట్టి ప్రకటనలను లెక్కలో వేసుకోకుండా, ఇవాళ చేతికొచ్చిన నియామక పత్రాన్నే చూసుకో. జీతం పెంపు ఎప్పుడో, ఇంటి నుంచి పనిచేసే వీలుందో లేదో కాగితం మీద రాయించుకో. ఆరు నెలల ఖర్చులకు సరిపడా సొమ్ము బ్యాంకులో ఉన్నాకే అక్కడ రాజీనామా ఇవ్వు.

మీ నాన్న దిగులుపడుతున్నాడని తెలుసు. తణుకు ఇక్కడికి రైల్లో ఒక పూట దూరమే అని వాడికి గుర్తుచెయ్యి. మొదటి నెల మా ఇంట్లోనే ఉండి, అన్ని వేళల్లో ఊరు తిరిగి చూశాకే అడ్వాన్సు ఇద్దువుగాని. పెద్దమ్మ అప్పుడే పైగది దులిపించింది. కొత్త గొళ్లెం ఇత్తడిదే వేయించాను.

ఇట్లు,
మీ పెదనాన్న