దెబ్బ తగిలాక కాపాడడమా?

సందేహం: "పక్షవాతం వచ్చిన తరువాత ఈస్ట్రోజెన్ మెదడు కణాలను కాపాడుతుంది" అని ఒక వ్యాసంలో చదివాను. దెబ్బ తగిలాక ఇక కాపాడడం ఏమిటి? 'సంరక్షిస్తుంది' అంటే సరిపోతుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, సోంపేట

సమాధానం: అమ్మా, 'కాపాడు'ను లేపి ఆ పీట మీద 'సంరక్షించు'ను కూర్చోబెట్టకండి. ఈ మధ్య బరువైన సంస్కృత పదం పడితే తప్ప వాక్యానికి గౌరవం రాదని అనుకుంటున్నారు. 'కాచు' నుంచి కాపు, కావలి, కాపరి పుట్టాయి. కన్నడంలోనూ 'కాపాడు' ఉంది, తమిళంలో 'కాప్పు' ఉంది. పోరాడు, వేటాడు, కాపాడు – ఈ 'ఆడు'లో ఒక్కసారి చేసి ఊరుకోని, సాగుతూ ఉండే పని నాకు వినిపిస్తుంది. (పాలు కాచడం, జీడిమామిడి కాచడం వేరే ధాతువులు.)

ఇక దెబ్బ తగిలాక అనవచ్చా అన్నది. పోతన గజేంద్రుణ్ణి తలచుకోండి. మొసలి పట్టడం అయిపోయింది. 'ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె' అని ఏనుగే చెబుతోంది. అప్పుడు కదా 'రావే ఈశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!' అన్నది! 'కాపాడు'కు మూలమైన 'కాచు' ('కావవే'), మీరడిగిన 'సంరక్షించు' – రెండూ ఒకే పాదంలో ఉన్నాయి, చూడండి. ముందు పిలుపుగా వచ్చింది మాత్రం తెలుగు మాటే. ఆపద పట్టుకున్నా ప్రాణం ఇంకా పోలేదు. 'కాచు'కు చోటు సరిగ్గా అక్కడే. 2018 అక్టోబరులో తిత్లి తుపాను మీ ఉద్దానం తోటలను కూల్చింది కదా. విరిగి పడిన కొబ్బరిచెట్టును ఎవరు కాపాడగలరు? వేరు పట్టు విడవకుండా ఒరిగిన చెట్టును కాపాడవచ్చు.

మెదడులోనూ ఇంతే. రక్తనాళం మూసుకుపోతే నడిమి భాగంలోని కణాలు నిమిషాల్లో చనిపోతాయి. చుట్టూ ఉన్నవి కొన్ని గంటలు కొనఊపిరితో ఉంటాయి. ఆ భాగానికి వైద్యులు గ్రహణంలోని ఉపచ్ఛాయ (పూర్తి చీకటి కాని అర నీడ) పేరే పెట్టారు. ఎలుకల మెదడు ధమనిని మూసి చేసిన ప్రయోగాల్లో, ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైన ఎస్ట్రాడయాల్ అందిన వాటిలో కణనష్టం తగ్గింది. కణం తనంతట తాను చనిపోకుండా అడ్డుపడే బీసీఎల్-2 ప్రోటీను పెరగడం, వాపు తగ్గడం ఇందుకు కారణాలలో కొన్ని.

కాబట్టి ధాతువులో తప్పు లేదు. నాకు నచ్చనిది 'కాపాడుతుంది'లోని ఆ 'తుంది'. 2001లో వెలువడిన ఒక పరిశోధనలో, అంతకుముందు మెదడుపోటు (పక్షవాతం తెచ్చే దెబ్బ) గాని, తాత్కాలికంగా వచ్చిపోయే పోటు గాని వచ్చిన, ముట్లుడిగిన 664 మంది స్త్రీలను పరిశీలించారు. ఎస్ట్రాడయాల్ మాత్రలు మళ్లీ పోటు రావడాన్ని గాని, మరణాలను గాని తగ్గించలేదు. ఎలుకలో చూసినదాన్ని మనిషికి అంటగట్టే ఈ 'తుంది' మన వైద్య వ్యాసాలకు పట్టిన చెడ్డ అలవాటు. 'ఎలుకల్లో కాపాడినట్టు తేలింది' అని రాస్తే చేయి నొప్పి పుడుతుందా? ఇంకా మెత్తగా 'కాపాడవచ్చు' అన్నా నేను కాదనను.

'పక్షవాతం'లో పక్షమంటే శరీరంలో ఒక పక్క. రెక్క, పదిహేను రోజులు, వాదంలో ఒక వైపు – ఇవీ దాని అర్థాలే. ఈస్ట్రోజెన్‌ను 'స్త్రీ హార్మోను' అని ఊరుకోవడం మాత్రం చాలదు. మగవాడి మెదడులోనూ టెస్టోస్టెరాన్ నుంచి అది తయారవుతుంది.